పోల్చినవారు

"ఊరికే ఇచ్చేటోడు ఎవడుంటాడు పాపా? మొదుల వాని తండ్రి పేరు చెప్పు."

ఒక కంప్యూటర్ ప్రోగ్రామును గురించి ఇటువంటి ప్రశ్న వేసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన కాలం చేసి ఇరవై రోజులైందని, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఆయన కుమారుడు చెప్పాడు. చెప్పి, సంచిలో నుంచి లక్కతో ముద్ర వేసిన ఖాకీ కవరు తీసి నా బల్ల మీద పెట్టాడు. కవరు మీద నా పేరు, మా నాయన పేరు, నివాసం, అన్నీ దస్తావేజులో రాసినట్లు వరుసగా ఆయన దస్తూరిలో ఉన్నాయి.

"నీకే ఇయ్యాలని చెప్పినాడక్కా. మేము ఇప్పలే. నమ్మకం లేకుంటే ముద్ర చూసుకో" అన్నాడు.

చూసుకున్నాను. చూసుకోకుండా తీసుకుంటే ఆయన దగ్గర మూడేళ్లు పనిచేసినదానికి అర్థం ఉండదు. ముద్ర చెక్కుచెదరలేదు. ఆ అబ్బాయికి కాఫీ ఇప్పించి పంపాను. కవరు మాత్రం వెంటనే విప్పలేకపోయాను. అందులో ఏముందో నాకు సగం తెలుసు.

ఆయన దస్తావేజు లేఖరి. ఆళ్లగడ్డలో రిజిస్ట్రేషన్ కార్యాలయానికి ఎదురుగా రేకుల కప్పు వేసిన రెండు గదులలో కూర్చునేవారు. ఊరు ఊరంతా ఆయనను రైటరు అనేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కంప్యూటర్ కొని, దాని మీద తెలుగు టైపు చేయగల మనిషి కావాలని ఆయన చెప్పి పంపితే, నేను నంద్యాల నుంచి పొద్దుటి బస్సులో వెళ్లి ఆయన ఎదుట నిలబడ్డాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అనే కాగితాన్ని చూసిన మొదటి మనిషిని నేను. మా నాయన పత్తి మిల్లులో బేళ్లు మోసేవాడు. ఆ పట్టాను నేను ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన మరొక కవరు తొడిగి తీసుకువెళ్లాను.

ఆయన రెండు కవర్లూ తీసేశారు. కాగితాన్ని చదవలేదు. ఎత్తి వాకిలి వెలుతురుకు పట్టారు. బొటనవేలితో అంచు తడిమారు. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశారు. ఆ తరువాత కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు.

"అచ్చు బాగుండాది. నువ్వు గూడా చదివినావా, ఇదొక్కటే చదివిందా?"

ఏ కాగితం వచ్చినా ఆయనకు ఇదే క్రమం: వెలుతురు, అంచు, వాసన, ఆ తరువాత తెచ్చినవాని ముఖం. చిట్టచివర చదవడం. ఆ చదవడం కూడా విచిత్రంగా ఉండేది. రిజిస్ట్రేషనుకు ముందు దస్తావేజును కక్షిదారులకు చదివి వినిపించాలి. ఆయన కాగితాన్ని చేతిలో పట్టుకొని గడగడ చదివేవారు. చూపు మాత్రం కాగితం మీద ఉండేది కాదు. ఎదుట కూర్చున్న వారి ముఖాల మీద తిరుగుతూ ఉండేది. ఎవరి కనుబొమ్మ ముడిపడింది, ఎవరు గుటక మింగారు, ఎవరు గోడ వైపు తిరిగారు, అన్నీ చూసుకునేవారు. ఇదేమి చదవడమని ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"కాగితం యాడికీ పోదు పాపా. మారిపోయేది మొకమే" అన్నారు.

ఆ మాట చాలా కాలం నాకు గొప్పగా అనిపించింది.

కంప్యూటరును కూడా ఆయన అదే చూపుతో చూసేవారు. కక్షిదారుడు లోపలికి రాగానే భుజం మీది తువ్వాలు తీసి మానిటరు మీద కప్పేవారు. ఒకరి హద్దులు మరొకరి కంట పడకూడదు. మౌసును ఆయన ముట్టుకునేవారు కాదు. "దానికి తోక ఉండాది గానీ నిలకడ లేదు" అనేవారు.

ఆ నిలకడలేనితనం ఒకనాడు రుజువైంది. ఊరికొక ఫోల్డరు చొప్పున దస్తావేజులన్నీ పెట్టి ఉంచాను. ఒక మధ్యాహ్నం ఉయ్యాలవాడ రైతు ఒకాయన తన కౌలు పత్రం మరొక ప్రతి కావాలని వచ్చాడు. చూస్తే ఉయ్యాలవాడ ఫోల్డరే లేదు. గంటసేపు వెతికిన తరువాత బనగానపల్లె ఫోల్డరు లోపల దొరికింది. ఎప్పుడో మౌసు మీద వేలు జారి, పట్టిన ఫోల్డరు పక్కదానిలో పడిపోయింది. కంప్యూటరుతో పాటు వచ్చిన ఫైళ్ల కిటికీలో అది జరిగినట్లు కూడా తెలియదు.

"ఉయ్యాలవాడ నడుచుకుంటా బనగానపల్లెకు పోయిందా?" అన్నారు ఆయన. "ఊర్లకు ఊర్లు తిరుగుతాండాయి నీ డబ్బాలో. రేపు ఆళ్లగడ్డ యాడుంటాదో!"

రైతు నవ్వాడు. ఆయన నవ్వలేదు. రైతు వెళ్లిన తరువాత కుర్చీ నా దగ్గరకు జరుపుకున్నారు.

"ఫైళ్లు చూసుకునేదానికి ఇదొక్కటేనా కిటికీ? వేరేటివి లేవా?"

ఉన్నాయని చెప్పాను. వాటిని ఫైల్ మేనేజర్లు అంటారని, కొన్నిటిలో రెండు గదులు పక్కపక్కన కనబడతాయని, ఎడమ గదిలో నుంచి కుడి గదిలోకి ఏది పోతున్నదో కళ్లతో చూస్తూ పంపవచ్చునని, మౌసు అవసరం లేకుండా మీటలతోనే నడుస్తాయని చెప్పాను. కంప్యూటర్ పత్రికలతో పాటు వచ్చే సీడీలలో అవి ఉంటాయని, వాటికి వెల కూడా లేదని చెప్పాను. ఆ చివరి మాట నేను ఉత్సాహంగా అన్నాను. ఆయన ముఖం ముడుచుకుపోయింది. అప్పుడే వాని తండ్రి పేరు అడిగారు.

నంద్యాల స్టేషన్ దగ్గరి పుస్తకాల అంగడిలో పాత పత్రికలు వెతికి, నాలుగు ఫైల్ మేనేజర్లను తెచ్చాను. ఆయన ఒక పొడవాటి గట్టి అట్ట పుస్తకం తీసి గీతలు గీశారు. మొదటి గడిలో ప్రోగ్రాం పేరు. రెండవదానిలో తండ్రి పేరు, అంటే తయారుచేసినవాని పేరు. తరువాత నివాసం. తరువాత ఏమి ఇస్తున్నాడు. ఆ తరువాతి గడి పేరు ప్రతిఫలం.

దస్తావేజు రాసేవారికి ఆ మాట ప్రాణం. అమ్మకమైతే ఇంత వెలకు అని రాయాలి. తాకట్టు అయితే ఇంత రుణానికి అని రాయాలి. ఏమీ పుచ్చుకోకుండా ఇస్తే అది దానపత్రం; అందులోనూ 'ప్రేమాభిమానముల చేత' అని రాయనిదే దస్తావేజు నిలబడదని ఆయన నమ్మకం. ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం ఏదైనా ఆయనకు దొంగ కాగితమే.

"యాడనో సముద్రం అవతల ఉండేవానికి ఆళ్లగడ్డ రైటరు మీద ప్రేమ ఎందుకు పుట్టింది? ఆ సంగతి తేల్చాల మనం" అన్నారు.

దాదాపు రెండు నెలలు ఆ సంగతి తేల్చాము. పొద్దున కక్షిదారులు రాకముందు ఒక గంట దానికే కేటాయించారు.

మొదటిది చాలా చక్కగా పనిచేసింది. ఆయనకు కూడా నచ్చిందేమో అనుకున్నాను. ముప్పై రోజులు గడిచాక, తెరిచినప్పుడల్లా ముందు ఒక చిన్న పలక వచ్చి, గడువు తీరినది, కొనుక్కొనగలరు అని అడగడం మొదలుపెట్టింది. ఆయన సంతోషంగా తొడ చరిచారు. అనుమానం నిజమైనప్పుడు ఆయనకు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

"చూసినావా? దానమని చెప్పి కౌలుకిచ్చినాడు!" అని, ఫలితం గడిలో 'కౌలు' అని రాసి కొట్టివేశారు.

రెండవది తెరిచిన ప్రతిసారీ టెలిఫోను కలపమని అడిగేది. పైభాగాన ఏవో ప్రకటనల బొమ్మలు పెట్టుకొని, కొత్త బొమ్మల కోసం బయటికి మాట్లాడాలని దాని తాపత్రయం.

"ఫైలు తెరిస్తే ఫోను ఎందుకు? ఎవనికి చెప్పాలని?"

"ప్రకటనల కోసమని ఇక్కడ రాసి ఉంది సార్."

"నా కొట్టులో కూచోని, నా కాగితాలు చూసి, బయట ఫోను చేస్తానంటే దాన్ని చాడీ అంటారు పాపా." ఫలితం: 'చాడీకోరు.'

మూడవది అందమైనది. రెండు గదులు, రంగురంగుల పేర్లు, ఒక ఫైలు మీద నిలబడితే లోపలి అక్షరాలు పక్కన కనబడేవి. అది నాకు బాగా నచ్చింది. ఆయన ఒక ఫోల్డరును రెండవ డిస్కులోకి నకలు తీయించి, ఎడమ గది తారీకులనూ కుడి గది తారీకులనూ వేలితో ఒక్కొక్క వరుసా చూసుకుంటూ వచ్చారు. కుడివైపు అన్నిటికీ ఆ రోజు తారీకే పడి ఉంది.

"ఈ దస్తావేజు మనం రాసింది పోయిన నెల. నకలు తీసింది ఈ దినం. పుట్టిన తారీకు చెరిపి నకలు తీసిన తారీకు వేస్తాండాడు. మన ఆఫీసులో ఇట్ల చేస్తే ఏమంటారు?"

"ఫోర్జరీ అంటారు సార్. కానీ ఇది సెట్టింగు మారిస్తే సరిపోతుంది. తారీకు మార్చవద్దని చెప్పవచ్చు."

"నువ్వు వద్దంటే దొంగతనం చేయను అనేవాన్ని ఇంట్లో పెట్టుకుంటామా?"

నాకు కోపం వచ్చింది. ఒక సెట్టింగు మారిస్తే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. నన్ను కూడా ఇలాగే పరీక్షిస్తున్నారని అప్పటికి నాకు పూర్తిగా తెలుసు. నా బల్ల సొరుగులో కాగితాలు నేను పెట్టిన వరుసలో ఉండేవి కావు.

నాలుగవది చూడడానికి సాదాగా ఉండేది. రెండు గదులు, కింద మీటల వరుస, అంతే. దానితో పాటు, దానిని తయారుచేసిన రాతలన్నీ కూడా సీడీలో ఇచ్చారు. కావలసినవారు విప్పి లోపల ఏమి ఉందో చదువుకోవచ్చునని వివరించాను. మనకు ఆ భాష రాదు కదా, చదివేది ఏముంది అంటారనుకున్నాను. ఆయన మొదటిసారి ఆలోచనలో పడ్డారు.

"ఎదురుగా ఆఫీసులో ఎవరైనా దరఖాస్తు పెట్టి ఎవని దస్తావేజు నకలైనా తీసుకోవచ్చు. తీసుకునేటోళ్లు ఎంతమంది? నూటికొకడు. కానీ తీసుకోవచ్చు అనే భయం ఉంటాది చూడు, అదే రాసేవాని చెయ్యి తిన్నగా పెట్టేది."

అయినా పరీక్ష తప్పలేదు. నేను రాని ఒక ఆదివారం ఆయన ఒంటరిగా కూర్చొని, ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ, నకలు తీసిన నూరు ఫైళ్లలో ఒకదానిలో ఒకే ఒక్క అక్షరం మార్చి పెట్టారు. సోమవారం రెండు గదులనూ పోల్చి చూపమని నాతో మీట నొక్కించారు. అది ఒక్కొక్క ఫైలే నములుతూ పోయి, ఒకదాని దగ్గర ఎర్రటి గుర్తు పెట్టింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

రిజిస్ట్రేషన్ కార్యాలయం ఇచ్చే ప్రతి నకలు చివరా రెండు సంతకాలు ఉంటాయి: రాసినవారు, పోల్చినవారు. ఒకరు రాస్తే, మరొకరు అసలుతో సరిచూడాలి. రాసినవాడే పోల్చకూడదు.

"రాసేటోళ్లు ఊరంతా ఉండారు పాపా. పోల్చేటోడు ఈ దినం దొరికినాడు" అన్నారు ఆయన.

ఫలితం గడిలో 'వాడదగినది' అని రాశారు. ప్రతిఫలం గడి దగ్గర మాత్రం కలం ఆగింది. చేసినవాడు తన అవసరానికి చేసుకొని నలుగురికీ పనికివస్తుందని ఇచ్చి ఉంటాడని నేను నచ్చజెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి ఇలా రాశారు: 'తెలియదు. కనిపెట్టవలెను.'

ఆ రోజు నుంచి ఒక ఏర్పాటు మొదలైంది. సాయంత్రం నాలుగున్నరకు ఆ రోజు టైపు చేసిన ఫైళ్లన్నిటినీ ఆ ప్రోగ్రాంతో ఫ్లాపీలోకి నకలు తీసి, రెండు వైపులా పోల్చి చూపాలి. ఆయన ఫ్లాపీని కవరులో పెట్టి, అంటించి, లక్క కరిగించి ముద్ర వేసి, ముద్ర మీదుగా సంతకం చేసి ఇనుప బీరువాలో పెట్టేవారు. బీరువా తాళం మొలతాడుకు ఉండేది. ఆ ముద్ర వేస్తున్నంతసేపూ నేను ఎదురుగా నిలబడాలి. ఎవరి చేతికి అందకూడదని ఆ ముద్ర? ఆ గదిలో ఆయన కాక ఉండేది నేను ఒక్కదాన్నే. లక్క వాసన వచ్చినప్పుడల్లా నాకు అవమానంగా ఉండేది.

ఇది ఇలా సాగుతుండగా అన్నదమ్ములు ఇద్దరు భాగపరిష్కారానికి వచ్చారు. శనివారం ఇద్దరూ కూర్చొని హద్దులు చెప్పగా, ఆయన చిత్తు కాగితం రాసుకున్నారు. సోమవారం పొద్దున నేను టైపు చేశాను. ఆ మధ్యాహ్నం ఆయన ముందు గదిలో చదివి వినిపించారు. తమ్ముడు అప్పటికి సాక్షిని పిలుచుకురావడానికి వెళ్లి ఉన్నాడు. విన్నది అన్న ఒక్కడే. నేను వెనుక గదిలో వేరే పత్రం అచ్చు తీస్తున్నాను. ఆ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు రొదలో పిడుగు పడినా వినబడదు. గురువారం రిజిస్ట్రేషన్ అయింది.

తరువాతి వారం అన్న నకలు చేతపట్టుకొని వచ్చాడు. కూర్చోలేదు.

"రైటరప్పా, నువ్వు ఈడ కూచోని చదివితే నా రెండు చెవులతో విన్నా. నా పాలుకు పడమరకు రస్తా అంటివి. మా ఊరి అయ్యవారితో చదివిస్తే వాగు అంటాండాడు. రస్తా యాడ, వాగు యాడ? నడుమ నా నేల ఏమాయె?"

వాగు దాటిన తరువాతనే రస్తా. రెండిటి మధ్య సన్నటి నల్లరేగడి చెక్క ఉంది. హద్దు వాగు అయితే అది తమ్మునిది, రస్తా అయితే అన్నది.

"నేను మార్చలే" అన్నారు ఆయన.

"నువ్వు మార్చలేదని నాకు తెల్సు. నలభై ఏండ్లుగా రాస్తాండే మనిషివి. మీటలు కొట్టేది నువ్వు గాదు గదా." అతను నా వైపు తిరిగాడు. "సోమవారం నువ్వు చదివితివి. బుధవారం మా తమ్ముని పెండ్లాం బస్టాండులో ఈ పిల్లతో గుసగుసలు పెట్టింది. చూసినోళ్లు ఉండారు. బేస్తవారం రిజిస్ట్రేషను. నడుమ ఏం జరిగిందో చదువురాని నాకే తెలుస్తాంటే నీకు తెల్దా?"

అప్పుడు ఆయన నా ముఖం చూశారు. కక్షిదారుల ముఖాలు చూసే చూపు అది. కనుబొమ్మ, గుటక, గోడ. మూడేళ్లలో నా మీద ఆ చూపు పడడం మొదటి రోజు తరువాత అదే.

"ఆయమ్మతో ఏం మాట్లాడినావు?"

"వాళ్ల అమ్మాయిని డిగ్రీలో చేర్చడానికి నంద్యాలలో ఏ కాలేజీ మంచిదని అడిగింది సార్."

"ఇంగ?"

"అంతే సార్."

"అంతేనా?"

ఆ రెండవసారి అడగడం నన్ను నిలువునా కోసింది. దస్తావేజు మార్చిన పిల్ల అనే మాట ఆ సాయంత్రం బస్సులో నాకంటే ముందే నంద్యాల చేరుతుందని నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన రోజు మా నాయన చెప్పిన మాట ఒక్కటే: "మన ఇంట్లో వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టేది నువ్వే మొదులు. దాన్ని యాడా పోగొట్టుకోవద్దు." ఆ సంతకమే ఇప్పుడు పోబోతున్నది.

ఆయన తువ్వాలు తీసి మానిటరు పైన కప్పకుండా పక్కన పడేశారు. కక్షిదారుని ఎదుట ఆ తెర అలా తెరిచి ఉండడం నేను చూడలేదు.

"ఎడమ గదిలో ఆ ఫైలు తెరువు. తారీకు చెప్పు."

"సోమవారం తారీకు సార్. పదకొండు గంటల నలభై నిమిషాలు."

అన్న వంగి చూశాడు. "అంకెలు నాకూ వస్తాయిలే. గడియారం ముల్లు తిప్పితే తారీకు మారదా రైటరప్పా? బొంకులు చెప్పే మిషను సాక్షమా నాకు?"

"మారుతాది" అని ఆయన ఒప్పుకున్నారు. లేచి, మొలతాడు తాళంతో బీరువా తెరిచి, ఆ సోమవారం కవరు తెచ్చి అతని చేతిలో పెట్టారు. "ముద్ర చూడు. సోమవారం నాలుగున్నరకు వేసింది. అప్పటి నుంచి ఈ తాళం నా మొలనే ఉండాది. నువ్వే పగలగొట్టు."

అన్న ముద్రను వెలుతురుకు పట్టి చూసి, గోటితో గీరి చూసి, పగలగొట్టాడు. ఫ్లాపీ పెట్టాను. కుడి గదిలో అదే ఫైలు, అదే తారీకు, అదే నిమిషం. పోల్చే మీట నొక్కమన్నారు. నొక్కాను. ఎర్ర గుర్తు పడలేదు. ఫైలు తెరిస్తే పడమరకు వాగు అనే ఉంది. ఆయన శనివారపు చిత్తు తీశారు. తన దస్తూరిలోనే వాగు. కింద అన్న వేలిముద్ర.

"శనివారం నీ నోటితో వాగు అని చెప్పినావు."

"చెప్పినా. సోమవారం నువ్వు రస్తా అని చదివితే, తమ్ముడు మనసు మార్చుకున్నాడేమో అనుకుంటి."

"మరి అడగలేదేం?"

"అడిగితే మళ్లీ మార్చుకుంటాడని."

ఇంకొకప్పుడైతే ఈ జవాబుకు ఆయన తొడ చరిచి ఉండేవారు. చిత్తు, ఫ్లాపీ, కంప్యూటరు, నకలు, నాలుగిటినీ ఒక్కొక్కటిగా వేలితో తాకుతూ లెక్కపెట్టారు.

"అన్నిట్లో వాగే ఉండాది. ఇంగ మిగిలింది నా నోరే."

లేచి, బీరువాలో నుంచి వీరి తండ్రి కాలపు మూల దస్తావేజు తెచ్చారు. ముప్పై ఏళ్ల కిందట తాను రాసినదే. పడమరకు రస్తా. ఆ సోమవారం పొద్దున కూడా ఆయన దానిని ఒకసారి తిరగేశారు.

"సోమవారం నేను కాగితం చూసి చదివినానా, నీ మొకం చూసి చదివినానా?"

"నా మొకమే చూస్తాంటివి గదప్పా. రెప్ప గూడా వేయలే."

ఎదుటివాడు ఎక్కడ మోసం చేస్తాడోనని ముఖం చూస్తూ, కాగితంలో ఉన్నది వదిలి నోటికి వచ్చిన పాత హద్దును చదివేశారు. ఆయన నా వైపు చూడకుండా అన్నారు: "తప్పు నాది. ఈ పాప చెయ్యి సరిగ్గానే ఉండాది."

అన్న నకలును మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడప దగ్గర ఆగి వెనుదిరిగాడు. "అట్లయితే రైటరప్పా, నలభై ఏండ్లుగా ఇట్లనే మొకాలు చూస్తా చదివినావా? మా నాయనకు గూడా?"

ఆ నెలలో అదే ప్రశ్న పట్టుకొని మరో పది మంది వచ్చారు. పాత దస్తావేజులు తెచ్చి, మాకు నువ్వు చదివిందీ ఇందులో రాసిందీ ఒకటేనా అని అడిగేవారు. ఆయన విసుక్కోకుండా ఒక్కొక్కటీ నాతో చదివించి, తాను అక్షరం అక్షరం వేలు పెట్టి సరిచూసుకునేవారు. తలెత్తి ఎవరి ముఖమూ చూసేవారు కాదు. ఆ తరువాత ఆయన నోటితో దస్తావేజు చదవడం నేను వినలేదు.

ఆ అన్న వచ్చి వెళ్లిన మరునాడే పొద్దున ఆయన ఆ గట్టి అట్ట పుస్తకం నా ముందు తెరిచి పెట్టారు. నాలుగు ఫైల్ మేనేజర్ల కింద అయిదవ వరుస. పేరు గడిలో తన పేరు. తండ్రి పేరు, నివాసం. ఇచ్చేది: చదివి వినిపించుట. ప్రతిఫలం: నలభై సంవత్సరముల నమ్మకము. ఫలితం: పరీక్షలో తప్పినాడు, వాడదగదు. కింద రాసినవారు అని తన సంతకం. పక్కన పోల్చినవారు అని రాసి, ఖాళీ.

"ఆడ సంతకం పెట్టు పాపా."

నేను పెట్టలేదు. ఆ రెండవసారి 'అంతేనా' అన్న మాట ఇంకా చెవిలో ఉంది. ఈ కాగితాన్ని రేపు ఎవరికి చూపుతారో, నా సంతకాన్ని దేనికి వాడతారో అని అనుమానించాను. అదే మాట పైకి అనేశాను.

"ఇది ఎవరికి చూపించడానికో నాకు తెలియదు సార్. తెలియని కాగితం మీద సంతకం పెట్టను."

ఆయన కలానికి మూత పెట్టారు.

"మంచిది. నేర్చుకున్నావు" అని మూసేశారు.

మూడు నెలల తరువాత నంద్యాలలో కళాశాల కార్యాలయంలో నాకు ఉద్యోగం వచ్చింది. వెళ్లి చెబితే నియామక పత్రాన్ని వెలుతురుకు పట్టి చూసి, "నిజమైందే, పో" అన్నారు. ఆ తరువాత ఆయనను నేను చూడలేదు. ఏడేళ్లలో ఒక్కసారైనా ఆళ్లగడ్డ బస్సు ఎక్కి ఉండవలసింది. ఎక్కలేదు.

ఆయన కుమారుడు వచ్చి వెళ్లిన మరునాడు, కార్యాలయానికి ఎవరూ రాకముందు, కవరు విప్పాను. పుస్తకం ఉంది. ఆ సోమవారపు ఫ్లాపీ ఉంది. ముందు నాలుగవ ఫైల్ మేనేజరు వరుస చూశాను. 'తెలియదు. కనిపెట్టవలెను' కింద సిరా మారుతూ ఏడు చిన్న వాక్యాలు ఉన్నాయి. ఏటేటా తారీకు వేసి, సంతకం చేసి, ఏడుసార్లూ ఒకటే మాట: 'ఇంకను తెలియలేదు.' ఏడేళ్లు దానిని రోజూ వాడుతూనే, అది తన దగ్గర ఏమి ఆశిస్తున్నదోనని ఆయన కాచుకొని కూర్చున్నారు. చివరి వాక్యంలో అక్షరాలు వణికాయి.

తరువాత అయిదవ వరుస. ఖాళీ అలాగే ఉంది.

మా సామాను గదిలో ఫ్లాపీ పట్టే పాత కంప్యూటరు ఒకటి ఇంకా పనిచేస్తుంది. ఆ ప్రోగ్రామును సీడీలో తెచ్చుకొని అందులో పెట్టుకున్నాను. ఎడమ గదిలో ఫ్లాపీ తెరిచాను. ఆ సోమవారం తారీకు, పదకొండు గంటల నలభై నిమిషాలు. ఫైలును కుడి గదిలోకి నకలు తీసి, పోల్చే మీట నొక్కాను. ఎర్ర గుర్తు పడలేదు. ఫైలు తెరిచి పడమర హద్దు వరకు వేలు పెట్టి చదివాను. వాగు. పుస్తకంలో ఆయన రాసుకున్నది సరిగానే ఉంది.

కలం తీసి పోల్చినవారు అన్న చోట సంతకం పెట్టాను. కింద తారీకు వేయవలసి వచ్చింది. ఆయన అడిగిన రోజు తారీకు నాకు బాగా గుర్తుంది. ఒక్క క్షణం చెయ్యి అటు పోయింది.

ఈ రోజు తారీకే వేశాను.